‘ఎ రైజిన్ ఇన్ ది సన్’ నాటకము – నివాసనిషేధపు షరతులు

లొరేన్ హాన్స్‌బెర్రీ రచించిన ‘ఎ రైజిన్ ఇన్ ది సన్’ అను నాటకము 1959లో న్యూయార్కు బ్రాడ్వే రంగస్థలమున ప్రదర్శింపబడెను. షికాగోలోని నల్లజాతి కుటుంబ మొకటి తెల్లవారి పేటయందు ఇల్లు కొనుట ఇందలి కథ. ఆ పేట ‘అభివృద్ధి సంఘము’ పక్షమున లిండ్నర్ అనువాడు వచ్చి, లాభమిచ్చి యింటిని తామే కొందుమని మృదువుగా పలుకును. (‘అభివృద్ధి’ యను మాట ఇచ్చట చేయుచున్న పనిని భాషావిద్యార్థులు గమనింపవలెను.) ఇతనిని కేవలము దుష్టపాత్రముగా బోధించుట చాలదని మా అభిప్రాయము. ఇతడు న్యాయస్థానమునకు పోక సొమ్ముతో నేల వచ్చెను?

జాతినిబట్టి పేటలను విభజించు నగరశాసనములు చెల్లవని 1917లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. అటుపిమ్మట, ప్రభుత్వము చేయరాని దానిని ఇరుగుపొరుగువారు దస్తావేజులతో విరివిగా సాధింపసాగిరి. నల్లవారికి అమ్మరాదు, అద్దెకీయరాదు అను షరతు ఇంటి నంటిపెట్టుకొని యుండి, తరువాత కొన్నవానిని సైతము బంధించెడిది.

రచయిత్రి తండ్రి కార్ల్ హాన్స్‌బెర్రీ 1937లో అట్టి పేటలోనే ఇల్లు కొనెను. గుంపు వచ్చి ఇంటిపై దాడి చేసెను. వ్యాజ్యము నడచెను. షరతు చెల్లుటకు వీధి ముఖభాగములో 95 శాతమునకు హక్కుదారులైనవారి సంతకములు కావలెను; నిజముగా నున్నవి సుమారు 54 శాతమునకే. అయినను వెనుకటి యొక దావాలో ఉభయపక్షములును 95 శాతము కలదని యొప్పుకొనియుండెను. ఆ తీర్పే అందరిని బంధించునని ఇలినాయ్ న్యాయస్థానములు నిర్ణయించెను. అసత్యము ఒకమారు తీర్పున కెక్కినచో సత్యమునకు తావు లేకపోయెనన్నమాట! 1940లో సుప్రీంకోర్టు దీనిని త్రోసివేసెను. కాని ఆధారము మిక్కిలి సంకుచితము: తమకు ప్రాతినిధ్యము లేని దావాలోని తీర్పు ఎవరిని బంధింపజాలదనియే. షరతు న్యాయమా, అన్యాయమా అనుమాట ఎత్తలేదు.

ఆ మాట 1948లో, షెల్లీ వ్యాజ్యమున, సగము తేలెను. అట్టి షరతులు వ్రాసికొనుట స్వతస్సిద్ధముగా నేరము కాదు గాని, న్యాయస్థానములు వానిని అమలు జరుపుట రాజ్యాంగపు 14వ సవరణకు విరుద్ధమనిరి. కార్ల్ హాన్స్‌బెర్రీ 1946లోనే మెక్సికోలో మరణించియుండెను.

నాటకము వెలువడునాటికి న్యాయస్థానపు తలుపు మూతపడియుండెను; మూతపడినది ఆ తలుపొక్కటే. కావుననే లిండ్నర్ చేత దావా కాగితమునకు మారుగా సొమ్ము కలదు. జాతి కారణముగ ఇల్లమ్ముటకు, అద్దెకిచ్చుటకు నిరాకరించుటను నిషేధించు కేంద్రశాసనము 1968 ఏప్రిల్ 11న వచ్చెను. రచయిత్రి 1965లో, ముప్పదినాలుగవ యేట, కాలధర్మము చెందెను.