అంబాసిడర్‌కు ఏ నంబరు ప్లగ్గు?

పాత పెట్రోలు కార్ల ప్లగ్గుల్లో ఎక్కువ భాగం 14 మిల్లీమీటర్ల మరవే. అందుకే గద్వాలలోనో వనపర్తిలోనో స్పేర్ పార్ట్సు దుకాణానికి పోయి "అంబాసిడర్‌కు ప్లగ్గులు నాలుగు ఇయ్యన్నా" అంటే, ఏ డబ్బా చేతికొచ్చినా అవి హెడ్డులోకి ఎక్కుతాయి, బండి స్టార్టవుతుంది. తేడా తర్వాత తెలుస్తుంది. ఊళ్లోనే తిరిగే బండికి కొన్నాళ్లకే మిస్సింగ్ మొదలవుతుంది. లేదంటే మన్ననూరు ఘాటు ఎక్కేటప్పుడు ఇంజను లోపల టకటకమని కొట్టుకుంటుంది. రెండుచోట్లా ప్లగ్గు కొత్తదే, రవ్వా పడుతూనే ఉంది. లెక్క తప్పింది వేడి దగ్గర.

సిలిండర్‌లో పెట్రోలు మండిన క్షణాన వాయువుల వేడి 2000 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. ఆ మంటలోకి తల పెట్టి ఉండేది ప్లగ్గు తెల్ల పింగాణీ మొన. బండి నడుస్తున్నంతసేపూ ఆ మొన సుమారు 450 నుంచి 850 డిగ్రీల మధ్య ఉండాలి. అంతకన్నా చల్లగా ఉంటే మసి కాలిపోకుండా పింగాణీ మీదే పేరుకుంటుంది. మసి కరెంటును మోస్తుంది కాబట్టి, రవ్వగా దూకాల్సిన కరెంటు దాని మీదుగా జారి బాడీకి పోతుంది. 850 దాటి ఇంకా పైకి పోతే మొన ఎర్రగా కాగి, రవ్వ పడకముందే తనే పెట్రోలును అంటిస్తుంది. పిస్టన్ ఇంకా పైకి వస్తుండగానే పేలుడు జరిగితే దాని నెత్తి కరిగి బొక్క పడిన సందర్భాలూ ఉన్నాయి.

మొన వేడి పింగాణీ గుండా లోహపు ఒంటికి, అక్కడి నుంచి హెడ్డుకు, రేడియేటర్ నీళ్లకు పోతుంది. పింగాణీ ముక్కు పొడుగ్గా ఉంటే వేడి చాలా దూరం నడవాలి, మొన కాగి ఉంటుంది. దాన్ని హాట్ ప్లగ్గు అంటారు. ముక్కు పొట్టిదైతే వేడి త్వరగా దిగిపోతుంది, అది కోల్డ్ ప్లగ్గు. రవ్వ బలానికీ ఈ పేర్లకూ సంబంధం లేదు.

ఇప్పుడు గద్వాలలో ఉన్న ఒక అంబాసిడర్‌ను ఊహించుకోండి. కోట దగ్గర బయలుదేరి బస్టాండు దాకా పోయి రావడం, పెళ్లిళ్ల సీజన్లో ఊరేగింపు ముందు మెల్లగా పాకడం దాని పని అయితే, మొన 450 డిగ్రీలు చేరేలోపే ఇంజను ఆపేస్తారు. ఆ బండికి కాస్త హాట్ ప్లగ్గే నయం. అదే బండి ఎర్రవల్లి చౌరస్తా దగ్గర 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కి, బీచుపల్లి వంతెన దాటి, అయిదుగురితో హైదరాబాదు పోతే? లేదా నాగర్‌కర్నూలు, అచ్చంపేట మీదుగా నల్లమల ఎక్కి శ్రీశైలం పోతే? అప్పుడు బరువు, ఎత్తు, వేగం కలిసి మొనను కాల్చేస్తాయి. ఒక మెట్టు కోల్డ్ ప్లగ్గు కావాలి. "మనది ఎండల సీమ కదా" అని ఎప్పుడూ కోల్డ్ ప్లగ్గే వేయించుకునేవారితో నాకు పేచీ ఉంది. బయట 43 డిగ్రీలున్నా 30 ఉన్నా, 2000 డిగ్రీల మంటలో ఉన్న మొనకు ఆ తేడా ఏమంత లెక్కలోది కాదు. ఎండకు రేడియేటర్ మరిగితే అది నీళ్లు, ఫ్యాను, థర్మోస్టాట్ చూసుకోవాల్సిన పని.

అంబాసిడర్‌ను ఎన్నో ఏళ్లు నడిపిన 1489 సీసీ ఇంజను బ్రిటన్‌లోని బీఎంసీ వాళ్ల బీ-సిరీస్. అదే 1489 సీసీ ఇంజనును ఇంగ్లండులో ఎంజీఏ అనే స్పోర్ట్సు కారులో బిగించి 70 హార్స్‌పవర్ దాకా లాగారు. మన బండిలో అది 50, 55 దగ్గరే నెమ్మదిగా ఉంది. కాబట్టి ఎంజీఏ వాళ్లు మెచ్చిన ప్లగ్గు నంబరును కళ్లకద్దుకుని తెచ్చుకోనక్కర్లేదు. మనకు ఒక మెట్టు హాట్‌గా ఉన్నదే కుదరొచ్చు.

అసలు చిక్కు నంబర్ల దగ్గరుంది. ఒక్కో కంపెనీది ఒక్కో దిక్కు. ఎన్‌జీకేలో అంకె పెరిగితే ప్లగ్గు కోల్డ్. ఛాంపియన్‌లో పెరిగితే హాట్. బెంగళూరు మైకో వాళ్ల పాత డబ్బాల మీద బాష్ పాత పద్ధతి ఉండేది: 145 హాట్, 175 మధ్యరకం, 225 కోల్డ్. 2008లో మైకో పేరే బాష్‌గా మారింది. అంతకుముందే వచ్చిన బాష్ కొత్త పద్ధతిలో లెక్క తిరగబడింది; పాత 145 ఇప్పుడు 8, పాత 175 ఇప్పుడు 7. అంకె తగ్గేకొద్దీ కోల్డ్ అన్నమాట. ఎన్‌జీకే 6, బాష్ 7, ఛాంపియన్ 9 దాదాపు ఒకే మెట్టు. ఈ సంగతి తెలియక "7 కన్నా 8 పెద్దది" అని బేరమాడితే కొన్నది ఏమిటో కొన్నవారికే తెలియదు.

ఎన్‌జీకేలో బీపీ6ఈఎస్ అని ఉంటే, బీ అంటే 14 మిల్లీమీటర్ల మర, పీ అంటే ముక్కు బయటికి పొడుచుకొచ్చినది, 6 వేడి మెట్టు, ఈ అంటే మర పొడుగు 19 మిల్లీమీటర్లు. ఈ చివరిదాన్ని అస్సలు వదలొద్దు. బీ-సిరీస్ హెడ్డుకు 19 కావాలి. 12.7 మిల్లీమీటర్ల పొట్టిది వేస్తే రవ్వ గుంటలో పడుతుంది, మిగిలిన మరల్లో మసి గడ్డకట్టి మళ్లీ సరైన ప్లగ్గు ఎక్కనివ్వదు. పొట్టి మర ఉన్న వేరే బండిలో పొడుగుది వేస్తే పిస్టన్‌కే తగలొచ్చు. పక్కపక్కన పెట్టి కొలుచుకోవడం నిమిషం పని.

బీపీ6ఈఎస్ తరగతితో మొదలుపెట్టి, తర్వాత ప్లగ్గునే అడగాలి. ఘాటు ఎక్కి లేదా హైవే మీద బాగా నడిపి, ఐడిలింగ్‌లో ఉంచకుండా వెంటనే ఇంజను ఆపి, చల్లారాక విప్పి చూడండి. లేత గోధుమ రంగు మంచిది. పొడి మసి నాలుగింటికీ ఉంటే కార్బురేటర్ పెట్రోలు ఎక్కువ పోస్తోంది, లేదా ప్లగ్గు మరీ కోల్డ్. తెల్లగా బొబ్బలెక్కితే పెట్రోలు చాలడం లేదు, లేదా టైమింగ్ ముందుకు జరిగింది. ఒక్క మూడో సిలిండర్ ప్లగ్గే నూనెతో తడిస్తే నంబరు మార్చి లాభం లేదు. అక్కడ రింగులో వాల్వు గైడో అరిగింది. మెకానిక్ హాట్ ప్లగ్గు వేసి కొన్నాళ్లు నెట్టుకొస్తానంటే నేనైతే ఒప్పుకోను.

20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు వచ్చాక ఈ చూపు ఇంకా అవసరమైంది. ఇథనాల్ తనలోనే ఆక్సిజన్ తెచ్చుకుంటుంది. కొత్త కార్లలో సెన్సర్ అది గమనించి పెట్రోలు పెంచుతుంది. కార్బురేటర్‌కు ఆ తెలివి లేదు. ఏడెనిమిది శాతం పెట్రోలు తక్కువైనట్టే లెక్క, మొన తెల్లబడుతుంది. ముందు జెట్టు సరిచేయించాలి, నంబరు సంగతి ఆ తర్వాత.

ఇరిడియం ప్లగ్గులకు వందలు పోయాలా? పాయింట్లు, కండెన్సర్ ఉన్న బండికి మామూలు నికెల్ ప్లగ్గే చాలు. గ్యాప్ 0.64 మిల్లీమీటర్లు, ఫీలర్ గేజితో చూసి పెట్టుకోవాలి. బిగించేటప్పుడు చేత్తో తిప్పగలిగినంత తిప్పి, వాషర్ ఆనాక పానాతో అర చుట్టు తిప్పితే చాలు.