గ్లైడరు నమూనాల ఉక్కు తీగకు మాటు పెట్టు విధము

రేడియోతో నడుపబడు గ్లైడరు నమూనాను మన బాలబాలికలలో కొందరు చూచియే యుందురు. దానికి ఇంజను లేదు. వేసవి మధ్యాహ్నమున కొల్లాపూరు పొలములమీద గ్రద్ద రెక్కలాడింపకయే గుండ్రముగ తిరుగుచు పైకి పోవుట మనమెల్లర మెఱిగినదే. నేల వేడెక్కగా పైకి లేచు గాలి దానిని మోయుచున్నది. గ్లైడరు కూడ అట్టి గాలినే ఆశ్రయించును. అయితే గ్రద్దకు తోకను త్రిప్పుకొనుటకు కండరములు కలవు. నమూనాకు అవి లేవు గనుక దాని పొట్టలో సర్వో అను చిన్న విద్యుద్యంత్రము నుంచి, అక్కడనుండి తోకవరకు ఒక సన్నని ఉక్కు తీగను పోనిత్తురు. నేలమీద నిలిచినవాడు చేతిలోని మీటను కదల్పగా రేడియో సందేశము సర్వోకు చేరును. సర్వో తీగను త్రోయును, లేదా లాగును. తోకపలక పైకో క్రిందికో వంగును. ఈ తీగను మేమిచ్చట అదుపు తీగ యందుము.

తీగ కొనకు మరలు గల చిన్న ఇత్తడి గొట్టమును తొడిగి, ఆ మరలకు తోకపలకను పట్టుకొను కొక్కెమును బిగింతురు. తీగ గొట్టములో జారిపోకుండ పెట్టు మాటు కొలతకు వడ్లగింజంత. అది గాలిలో నూడిన యెడల నమూనా ఎవ్వరి మాటయు వినదు. ఒక కిలోగ్రాము బరువు గల గ్లైడరు సెకనుకు 15 మీటర్ల వేగముతో వచ్చి తగులుట, అంతే బరువుగల రాయి దాదాపు పదకొండున్నర మీటర్ల యెత్తునుండి, అనగా మూడంతస్తుల మేడమీదనుండి పడుటతో సమానము. పై తరగతులవారు భౌతికశాస్త్ర సూత్రముతో ఈ లెక్కను తామే సరిచూచుకొనవచ్చును. మైదానమున నిలిచి చూచువారిలో చిన్నపిల్లలే హెచ్చుగ నుందురు గనుక మేమీ వడ్లగింజను గూర్చి యింత వ్రాయుచున్నాము.

మాటు లోహము మెత్తనిది గదా, అది ఉక్కును పట్టి నిలుపగలదా యని కొందరు సందేహింతురు. లెక్క వేసి చూతము. తీగ మందము ఒకటిన్నర మిల్లీమీటరు. గొట్టములో అది 10 మిల్లీమీటర్లు చొచ్చియున్నది. మాటు అంటుకొను వైశాల్యము 47 చదరపు మిల్లీమీటర్లగును. చదరపు మిల్లీమీటరునకు ఒక్క కిలోగ్రామే భరించునని మిక్కిలి తక్కువగ లెక్కించినను 47 కిలోల బరువు నిలుచును. చిన్న సర్వో త్రోయు బలమో, ఒకటి రెండు కిలోలకు మించదు. కావున బలము చాలక మాటు ఊడుట అరుదు. మాటు ఉక్కును తడుపకపోవుటచేతనే అది ఊడును.

తడుపుట యన నేమి? శుభ్రమైన పళ్లెరముమీద నీరు పఱచుకొనును; తామరాకుమీద ముత్యమువలె దొర్లును. కరగిన మాటును అట్లే. శుద్ధమైన లోహముమీద పఱచుకొని సందులలోనికి తానే యెక్కిపోవును; ఆక్సైడు పొర గల లోహముమీద గుండ్రని పూసయై కూర్చుండును. ఆ పూస తళతళలాడుచు కంటికి ఇంపుగ నుండుటయే చిక్కు. మా విద్యార్థి యొకడు తెచ్చి చూపిన తీగకు అట్టి అందమైన పూస యుండెను. శ్రావణముతో పట్టి త్రిప్పగా తీగ గొట్టమునుండి కత్తి యొరనుండి వచ్చినట్లు వచ్చెను. తీగమీద మాటు జాడయే లేదు. మాటంతయు ఇత్తడినే పట్టుకొనియుండెను, ఏలయన ఇత్తడి సులభముగ తడియును, ఉక్కు అంత సులభముగ తడియదు.

ఇట్టి పని వచ్చినప్పుడు తలిదండ్రులు తీగను కంసాలియొద్దకు పంపుట కలదు. కంసాలి నేర్పరియే గాని ఆయన మార్గము దీనికి తగదు. ఆయన వెలిగారము చల్లి, వెండి కలిసిన పొడితో, లోహమును ఎఱ్ఱగ కాల్చి అతుకును. ఆ పనికి ఆఱువందల డిగ్రీలకు పైబడిన వేడి కావలయును. అదుపు తీగయో, పియానో వాద్యమునకు తంత్రులుగ వాడు జాతి ఉక్కు. చల్లగ లాగుటచేతనే దానికి బిగువు వచ్చినది. ఎఱ్ఱగ కాల్చినచో ఆ బిగువు పోయి, అతుకు ప్రక్కన తీగ మెత్తబడి త్రోసినప్పుడెల్ల వంగిపోవును.

మనకు కావలసినది కలాయి పూయువారి మార్గము. చింతపండు పులుసు చిలుము పట్టకుండ ఇత్తడి గిన్నెలకు కలాయి పూయుట మన అవ్వల కాలమున ప్రతి వీధిలోను కనబడెడిది. గిన్నెను కాచి, నవాసాగరమును ప్రత్తితో రుద్దగా తెల్లని పొగ లేచును. ఆ క్షణముననే తగరమును తాకింపగా అది అద్దమువలె పఱచుకొనును. నవాసాగరము వేడికి విడిపోయి ఆక్సైడు పొరను తినివేయును. తగరము 232 డిగ్రీలకు కరగును. తగరము, సీసము కలిసిన మాటు 183 డిగ్రీలకును, నూటికి మూడున్నర పాళ్లు వెండి కలిసిన తగరపు మాటు 221 డిగ్రీలకును కరగును. ఇంత వేడికి తీగ బిగువు చెడదు. సీసము లేని ఆ రెండవదానినే పాఠశాలలో వాడుట మేలని మా అభిప్రాయము.

రేడియో మరమ్మతులలో వాడు రోజను రాగికి చాలును గాని ఉక్కు పొరను కదల్పలేదు. ఉక్కునకు జింకు క్లోరైడు ద్రవము కావలయును. దానిని తయారుగ నున్నది కొనుడు. ఆమ్లములో జింకు ముక్కలు వేసి యింట చేయుటకు పూనుకొనవలదు.

మొదట తీగను గరుకు కాగితముతో కొత్త లోహము కనబడువఱకు రుద్దవలెను. పైన నికెలు పూత యున్నచో దానినిగూడ తీసివేయవలెను. గొట్టము లోపలిభాగమును మఱవరాదు. రుద్దిన చోటును వ్రేళ్లతో ముట్టవలదు. చేతి జిడ్డు చాలును, పని చెడుటకు. ద్రవమును పూసి, గొట్టము తొడుగుటకు ముందే తీగ కొనకు పలుచగ మాటు పఱపుడు. అది తీగచుట్టును వెండివలె పఱచుకొన్నచో సగము పని యైనట్లే. పఱచుకొనకున్నచో మరల రుద్దవలసినదే. పిమ్మట గొట్టమును తొడిగి, అఱువది వాట్లకు తక్కువగాని కాపుకడ్డీని గొట్టమునకు ఒక ప్రక్క ఆనించి, మాటు తీగను రెండవ ప్రక్క ఆనింపుడు. కాపుకడ్డీమీద మాటును కరగించి బొట్టు పెట్టరాదు. గొట్టమే వేడెక్కి మాటును కరగింపవలెను. అప్పుడది లోపలికి పీల్చుకొనబడి రెండవ కొనయందు కనబడును. కడ్డీని తీసిన తరువాత మాటు గట్టిపడువఱకు కదల్పరాదు, ఊదరాదు. పై పంకాను ముందే ఆపుడు. మే నెలలో ఇది కష్టమే, అయినను పని రెండు నిమిషములదే.

రెండు తీగలను ప్రక్కప్రక్కన అతుకవలసి వచ్చినచో పాత విద్యుత్తీగలోని సన్నని రాగి పోగుతో వానిని బిగ్గరగ చుట్టి, చుట్టమీద మాటు పారింపవలెను. బరువును చుట్ట మోయును. మాటు దానిని నిలుపును.

కడుగుట యొక ముఖ్యమైన పని, విద్యార్థులు ప్రాయికముగ దీనిని విడిచిపెట్టుదురు. మిగిలిన జింకు క్లోరైడు గాలిలోని తేమను పీల్చుకొని వర్షకాలము రాగానే తీగను మాటు అంచుననే తినును. తినుసోడా కలిపిన వేడినీటిలో తోమి, మంచినీట కడిగి, ఆరబెట్టి, చుక్క నూనె పూయవలెను.

తరువాత పరీక్ష. గొట్టమును పట్టుకొఱడాలో బిగించి, తీగ రెండవ కొనకు ఐదు కిలోల బియ్యపు సంచి వ్రేలాడదీయుడు. సర్వో బలమునకు ఇది రెండింతలకు పైగా నున్నది. పిదప మెలిపెట్టి చూడుడు. ఇసుమంత కదలినను ఆ మాటును తీసి మరల పెట్టవలెను. కొద్దిపాటి వదులుకూడ తోకపలకను వేగమున గడగడలాడించును, ఆ యదురునకు పలక విఱిగినను విఱుగును.

ఎన్.సి.సి. వైమానిక విభాగమున నమూనా విమానముల నిర్మాణము శిక్షణలో నొక భాగమని, ఇది వట్టి ఆటయని తలంచు తలిదండ్రులకు మనవి చేయుచున్నాము. మామిడితోటల ప్రక్క ఎగురవేయకుండుట మంచిది. కొమ్మలలో చిక్కిన గ్లైడరుకై చెట్టెక్కినవారు కాయలతోనే దిగుదురు, గ్లైడరు అచ్చటనే యుండును.

మాటు పెట్టు పనిని కిటికీలు తెఱచి, తీగను నమూనాలో అమర్చుటకు ముందే చేయవలెను. నురుగు పలకలు వేడికి కరగిపోవును. చేతులు కడుగనిదే ఏమియు తినరాదు. జింకు క్లోరైడు సీసాకు గట్టిగ మూత బిగించి, ఆకురాళ్లు, పట్టుకొఱడాలు ఉన్న పెట్టెకు దూరముగ నుంచవలెను. దాని ఆవిరికి అవియు త్రుప్పు పట్టును.