మీకు తెలుసా? వేలి కింద చుక్క ఆలస్యంగా లేస్తే తప్పు బ్రెయిలీ డిస్‌ప్లేది కాకపోవచ్చు!

‘ద్రాక్షారామం’ అని బ్రెయిలీలో రాయడానికి పది గళ్లు కావాలి. భారతి బ్రెయిలీలో ఒక్క ‘ద్రా’కే నాలుగు పోతాయి: ఒత్తు రాబోతోందని ముందే చెప్పే ఒంటి చుక్క, తర్వాత ద, ర, చివర దీర్ఘం. ‘క్ష’ మాత్రం ఒకే గడిలో ఇమిడిపోతుంది. ఇరవై గళ్ల బ్రెయిలీ డిస్‌ప్లే (కంప్యూటర్ తెర మీది రాతను చుక్కలుగా లేపే పెట్టె) మీద ఈ ఊరి పేరొక్కటే సగం వరసను ఆక్రమిస్తుందన్నమాట. ఓ మోస్తరు వాక్యం చదవాలన్నా వరస నాలుగైదు సార్లు మారాలి. మారిన ప్రతిసారీ అర సెకను ఆగితే చదువు సాగదు. చూపున్నవాళ్లకు స్క్రీన్ తడబడితే చిరాకేస్తుంది, అంతే. వేలితో చదివేవాళ్లకు పనే ఆగిపోతుంది.

ఆ చుక్క ఎలా లేస్తుందో తెలుసా? చాలా డిస్‌ప్లేలలో ఒక్కో పిన్ను కింద సన్నటి పీజో పట్టీ ఉంటుంది. దానికి దాదాపు 200 వోల్టులు అందితే వంగి పిన్నును పైకి నెడుతుంది. యూఎస్‌బీ తీగలో వచ్చేది 5 వోల్టులే కాబట్టి, పెట్టె లోపలి సర్క్యూట్ దాన్ని పెంచుకుంటుంది. పుస్తకంలోని బ్రెయిలీకి గడికి ఆరు చుక్కలు, ఇక్కడ ఎనిమిది. అడుగున అదనంగా ఉన్న రెండు చుక్కలు ఎక్కువగా కర్సర్ చూపించడానికే. ఆర్బిట్ రీడర్ 20 లాంటి తక్కువ ధర పరికరాల్లో పిన్నులు లేపే పద్ధతే వేరు, అవి కాస్త నిదానంగానే నడుస్తాయి. అది రోగం కాదు. పీజో డిస్‌ప్లే నెమ్మదించిందంటే మాత్రం కారణం వేరే చోట వెతకాలి.

అలాంటి చోటొకటి వర్చువల్ మెషీన్. ద్రాక్షారామంలో ఇంట్లో కూర్చుని హైదరాబాదు ఆఫీసు పని చేయాలంటే, కంపెనీ సాఫ్ట్‌వేర్ తరచూ సొంత విండోస్‌లో ఉండదు. కంప్యూటర్ లోపల నడిచే మరో కంప్యూటర్‌లో ఉంటుంది. మ్యాక్ మీద విండోస్ నడుపుకునేవాళ్లదీ ఇదే పరిస్థితి. డిస్‌ప్లే బయటి కంప్యూటర్‌కు తగిలించి ఉంటుంది, తెర మీది రాతను చదివి వినిపిస్తూ దానికి అక్షరాలు పంపే స్క్రీన్ రీడర్ లోపలి దాంట్లో ఉంటుంది.

ముందు చేయాల్సిన పరీక్షకు పైసా ఖర్చు లేదు. లోపలి మెషీన్‌లో బాణం మీటలతో వరసలు దిగుతూ స్క్రీన్ రీడర్ మాట వినండి. మాట కూడా సాగుతుంటే మెషీన్‌కే బలం చాలడం లేదు: ప్రాసెసర్ కోర్లు, మెమరీ పెంచాలి. మాట చురుగ్గా ఉండి చుక్కలు మాత్రం వెనకబడుతుంటే మెషీన్‌ను వదిలేసి యూఎస్‌బీ దారి పట్టండి. అదే డిస్‌ప్లేను బయటి కంప్యూటర్‌లోనూ నడిపి చూడండి. అక్కడా నెమ్మదిగానే ఉంటేనే డిస్‌ప్లేనో కేబులునో అనుమానించాలి. ఇది చేయకుండా కొత్త డిస్‌ప్లే కొనమని సలహా ఇవ్వడం అన్యాయం. పీజో డిస్‌ప్లేల ధరలు చాలావరకు మామూలు ల్యాప్‌టాప్ ధరలను మించిపోతాయి.

పాత డిస్‌ప్లేలు చాలావాటిలో యూఎస్‌బీకి, లోపలి సీరియల్ సర్క్యూట్‌కు మధ్య ఎఫ్‌టీడీఐ చిప్పు ఉంటుంది. కాస్త సమాచారమే వస్తే ఆ చిప్పు వెంటనే పంపదు, ఇంకేమైనా వస్తుందేమోనని 16 మిల్లీసెకండ్లు ఆగుతుంది. లాకుల దగ్గర మరో పడవ కోసం తలుపులు తెరవకుండా ఆగినట్టు. ఒక్కసారికి 16 మిల్లీసెకండ్లు వేలికి తెలియవు. కానీ కొన్ని డిస్‌ప్లేలు ‘అందింది’ అని జవాబు చెప్పేదాకా స్క్రీన్ రీడర్ తర్వాతి వరస పంపదు. ఆ జవాబు చిప్పు దగ్గర ఆగి, వర్చువల్ మెషీన్ గడప దాటి రావాలి. డిస్‌ప్లే కామ్ పోర్టుగా కనిపిస్తుంటే డివైస్ మేనేజర్‌లో ఆ పోర్టు అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్ తెరిచి లేటెన్సీ టైమర్‌ను 16 నుంచి 1కి దించి చూడండి.

ఇంకో సంగతి చాలామందికి తట్టదు. 2006లో ఆస్ట్రేలియాలో మైఖేల్ కరన్ మొదలుపెట్టిన ఉచిత స్క్రీన్ రీడర్ ఎన్‌వీడీఏలో తెలుగు బ్రెయిలీ కూడా ఉంది. అందులో కర్సర్ అర సెకనుకోసారి మిణుకుమంటుంది. అంటే మీరేమీ చేయకపోయినా ఆ ఇరుకు దారిలో డిస్‌ప్లేకు కబురు వెళ్తూనే ఉంటుంది. బ్రెయిలీ సెట్టింగ్స్‌లో ఆ మిణుకు తీసేయండి. డిస్‌ప్లే పేరు దగ్గర ‘ఆటోమేటిక్’ బదులు మీ మోడల్‌నే ఎంచుకోండి.

మిగతావి చకచకా చూసేయొచ్చు. వర్చువల్ మెషీన్లు నడిపే వర్చువల్‌బాక్స్‌లో యూఎస్‌బీ కంట్రోలర్ 1.1 మీద ఉంటే 2.0కో 3.0కో మార్చండి. బ్లూటూత్ మానేసి కేబుల్ పెట్టండి. బయటి విండోస్ పవర్ ఆప్షన్లలో యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్ ఆపేయండి. మ్యాక్ అయితే దాని సొంత స్క్రీన్ రీడర్ వాయిస్‌ఓవర్ ఆ డిస్‌ప్లేను పట్టుకుని కూర్చోలేదు కదా చూడండి. బ్రెయిలీ డిస్‌ప్లేల కోసం 2018లో యూఎస్‌బీ ప్రమాణాల సంస్థ ఒక ఉమ్మడి హెచ్‌ఐడీ ప్రమాణం ప్రకటించింది. దాన్ని పాటించే కొత్త డిస్‌ప్లేలకు ప్రత్యేక డ్రైవర్ అక్కర్లేదు. అయితే వర్చువల్‌బాక్స్ లాంటిదే అయిన వీఎంవేర్ వాటిని కీబోర్డు, మౌస్‌ల జాబితాలో వేసి దాచేయొచ్చు. ‘అన్ని యూఎస్‌బీ ఇన్‌పుట్ పరికరాలు చూపించు’ అన్న ఆప్షన్ పెడితే బయటికొస్తాయి.

నాకు అన్నిటికంటే నచ్చిన దారి, డిస్‌ప్లేను అసలు లోపలికి పంపకపోవడం. ఎన్‌వీడీఏ 2025.1 నుంచి రిమోట్ యాక్సెస్ అందులోనే కలిసి వస్తోంది. బయట విండోస్ ఉంటే రెండు చోట్లా ఎన్‌వీడీఏ నడిపి కలిపేయండి. లోపలి మెషీన్ నుంచి మాట, చుక్కల సమాచారం నెట్‌వర్క్ మీద వస్తాయి. డిస్‌ప్లే మీ బల్ల మీద, మీ కంప్యూటర్‌కే ఉంటుంది.

కంపెనీ మెషీన్‌లో ఈ సెట్టింగులు ముట్టుకునే అధికారం మీకు ఉండకపోవచ్చు. అప్పుడు ఐటీ విభాగానికి ‘బ్రెయిలీ స్లోగా ఉంది’ అని ఒక్క ముక్క రాస్తే ఎవరికీ ఏమీ అర్థం కాదు. ఎన్‌వీడీఏ లాగ్ స్థాయిని డీబగ్‌కు మార్చి, అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో హెచ్‌డబ్ల్యూఐఓ లాగింగ్ ఆన్ చేయండి. డిస్‌ప్లేకు ఏది ఎప్పుడు వెళ్లిందో, జవాబు ఎప్పుడొచ్చిందో మిల్లీసెకండ్లతో సహా అందులో పడుతుంది. బయటి కంప్యూటర్‌లో ఒక లాగ్, లోపలి దాంట్లో ఒక లాగ్ తీసి, రెండూ మెయిల్‌కు జతచేసి పంపండి.