పసిబిడ్డ కామెర్లకు చుక్కల మందు ఉందా?

పుట్టిన మూడో రోజునో నాలుగో రోజునో బిడ్డ ఒళ్లు పచ్చబడగానే మా వార్డులో వినిపించే మొదటి మాట, "డాక్టరు గారూ, ఏదైనా చుక్కల మందు రాయండి" అని. రాయకపోతే కొందరు అమ్మమ్మలకు మేము వైద్యమే చేయనట్లు అనిపిస్తుంది. కానీ ఈ విషయంలో మందు రాయకపోవడమే చాలాసార్లు మంచి వైద్యం.

ఎర్రకణాలు విరిగినప్పుడు బిలిరుబిన్ అనే పసుపు పదార్థం వస్తుంది. దాన్ని బయటకు పంపే శక్తి పసిబిడ్డ కాలేయానికి ఇంకా పూర్తిగా రాదు. అంతవరకు అది రక్తంలో ఆల్బుమిన్ అనే మాంసకృత్తును అంటిపెట్టుకుని ఉంటుంది. అలా ఉన్నంతసేపు మెదడులోకి సులభంగా చేరలేదు. కొన్ని మందులు మాత్రం ఆల్బుమిన్ మీద తామే చోటు చేసుకుని బిలిరుబిన్‌ను తోసేస్తాయి. అప్పుడు రక్తపరీక్షలో అంకె పెరగకుండానే మెదడు దెబ్బతినవచ్చు.

ఇది ఊహ కాదు. నెలలు నిండని బిడ్డలకు ఇన్ఫెక్షన్ రాకూడదని పెన్సిలిన్‌తో పాటు సల్ఫా మందు ఇచ్చిన రోజులున్నాయి. న్యూయార్క్‌లో డాక్టర్ విలియం సిల్వర్‌మన్ బృందం దాన్ని మరో మందుతో పోల్చి చూసి 1956లో ఫలితం ప్రచురించింది. సల్ఫా అందుకున్న బిడ్డలే ఎక్కువగా చనిపోయారు. వారిలో పలువురి మెదడులో పసుపు పేరుకుని ఉంది.

అందుకే కామెర్లున్న పసిబిడ్డకు సల్ఫా మందులు, సెఫ్ట్రియాక్సోన్ ఇంజెక్షన్ ఇవ్వకూడదు. ఇన్ఫెక్షన్ ఉంటే వేరే మందులున్నాయి. బిడ్డ పచ్చగా ఉన్నప్పుడు పాలిచ్చే తల్లి కూడా ఇంట్లో మిగిలిన మాత్రలు వేసుకోవద్దు. సల్ఫా కొంత పాలలోకి వస్తుంది.

ఫినోబార్బిటోన్ కాలేయాన్ని చురుకు చేసే మాట నిజమే. అయితే అది పనిచేయడానికి రోజులు పడుతుంది, పైగా బిడ్డ మత్తుగా పడి ఉంటుంది. ఆ మత్తు మందు వల్లనా, ముదిరిన కామెర్ల వల్లనా అన్నది తేల్చడం కష్టం. కొన్ని అరుదైన జబ్బుల్లో తప్ప మేము దాన్ని వాడం.

అవసరమైన బిడ్డకు అసలు చికిత్స నీలి కాంతి, దానితో పాటు రోజుకు ఎనిమిది నుంచి పన్నెండు సార్లు తల్లిపాలు. బిలిరుబిన్ మరీ ఎక్కువైతే రక్తమార్పిడి చేస్తాం. పసరు, ఆముదం, గ్లూకోజు నీళ్లు వద్దు. బిడ్డ బట్టల్లో కలరా ఉండలూ వద్దు; జి6పిడి లోపం ఉన్న బిడ్డకు వాటి వాసనతోనే ఎర్రకణాలు విరిగి కామెర్లు ముదురుతాయి.

మొదటి రోజే పచ్చబడినా, అరికాళ్లు పచ్చబడినా, పాలు తాగక మత్తుగా ఉన్నా, వెనక్కి విల్లులా వంగినా వెంటనే తీసుకురండి. మలం సున్నంలా తెల్లగా వస్తే అది వేరే జబ్బు కావచ్చు, ఆలస్యమైతే ఆపరేషన్‌తోనూ ఫలితం తగ్గుతుంది.