ఇష్టమైన పని హోంవర్క్‌గా మారితే...



ఆదివారం మధ్యాహ్నం. భోజనాలయ్యాయి. ఇంట్లో అందరూ కలిసి 'మాయాబజార్' చూస్తున్నారు. లడ్డూలు వాటంతటవే గాల్లోకి లేచి ఘటోత్కచుడి నోట్లోకి వెళ్తుంటే నాలుగో తరగతి చదివే మీ అమ్మాయి పడీపడీ నవ్వుతోంది. సినిమా అయిపోయింది. టీవీ ఆపగానే మీరు అడిగారు: "ఈ సినిమా నుంచి ఏం నేర్చుకున్నావమ్మా? ఇంగ్లిష్‌లో ఓ పది లైన్లు రాసి చూపించు."

మీ ఉద్దేశం మంచిదే. చూసిన మూడు గంటలూ వృథా కాకూడదు, కాస్త రైటింగ్ ప్రాక్టీస్ కూడా అయినట్టుంటుంది. కానీ వరుసగా నాలుగు ఆదివారాలు ఇలాగే జరిగాక, "సినిమా చూద్దామా?" అంటే "వద్దు నాన్నా" అనే జవాబు రావచ్చు. పాపకు సినిమా మీద ఇష్టం పోలేదు. దాని వెనకాల వచ్చే పది లైన్లంటేనే భయం.

డ్రాయింగ్, చెస్, కీబోర్డు, కూచిపూడి, క్రికెట్... పిల్లలు ఇష్టంగా మొదలుపెట్టిన ఏ పనికైనా ఇలా జరగవచ్చు. ఎందుకు జరుగుతుందో తెలిస్తే, జరగకుండా చూసుకోవడం కష్టమేమీ కాదు.

మనకూ జరుగుతుంది

ముందు మన సంగతే చూద్దాం. ఓటీటీలో చూడాల్సిన సినిమాల లిస్టు ఒకటి తయారు చేసుకుంటాం. ఆఫీసులో అందరూ చూసేశారు, మనమే మిగిలిపోయాం అనిపిస్తుంది. రెండో ఎపిసోడ్‌కే బోర్ కొట్టిన సిరీస్‌ను, మొదలుపెట్టాం కాబట్టి చివరిదాకా లాగుతాం. కొందరు స్పీడు పెంచి మరీ చూసి, లిస్టులో టిక్ పెట్టుకుంటారు. సేద తీరడానికి మొదలైన అలవాటు ఇప్పుడు పెండింగ్ పనుల్లో ఒకటి.

సినిమా అదే, సోఫా అదే. లెక్క ఒక్కటే కొత్తగా వచ్చి చేరింది. ఎన్ని చూశాం, ఎన్ని మిగిలాయి, ఎవరికి చెప్పాలి అనే లెక్క. పెద్దవాళ్లం కాబట్టి మనం విసుగొస్తే మానేయగలం. పిల్లలకు ఆ అవకాశం చాలాసార్లు ఉండదు.

స్కెచ్ పెన్నులతో ఒక ప్రయోగం

అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ నర్సరీ స్కూల్లో మార్క్ లెపర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు చేసిన ఒక ప్రయోగం 1973లో ప్రచురితమైంది. స్కెచ్ పెన్నులతో బొమ్మలు వేయడమంటే బాగా ఇష్టపడే 3 నుంచి 5 ఏళ్ల పిల్లలను వారు మూడు బృందాలుగా చేశారు. మొదటి బృందానికి, "బొమ్మ వేస్తే బంగారు రంగు సీలు, రిబ్బను ఉన్న సర్టిఫికెట్ ఇస్తాం" అని ముందే చెప్పారు. రెండో బృందానికి ముందు ఏమీ చెప్పకుండా, బొమ్మ వేశాక అదే సర్టిఫికెట్ ఇచ్చారు. మూడో బృందానికి ఏమీ ఇవ్వలేదు.

ఒకటి రెండు వారాల తర్వాత క్లాసులో మళ్లీ ఆ పెన్నులు పెట్టి, ఇష్టమైతే ఆడుకోమని వదిలేశారు. సర్టిఫికెట్ కోసమని ముందే తెలిసి బొమ్మలు వేసిన పిల్లలు, మిగతా రెండు బృందాల పిల్లలతో పోలిస్తే దాదాపు సగం సమయమే బొమ్మలు వేశారు. సర్టిఫికెట్ కోసం వేసిన రోజున కూడా వారి బొమ్మల నాణ్యత మిగతావారి కంటే తక్కువగానే ఉంది.

ఇక్కడ ఒక విషయం గమనించండి. రెండో బృందానికి కూడా సర్టిఫికెట్ అందింది, అయినా వారి ఇష్టం తగ్గలేదు. అంటే ఇబ్బంది బహుమతితో కాదు, 'ఇది చేస్తే అది ఇస్తాం' అనే ఒప్పందంతో. "నేనెందుకు బొమ్మలు వేస్తున్నాను?" అనే ప్రశ్నకు ఆ పిల్లల మనసులో ఇదివరకు "నాకిష్టం కాబట్టి" అనే జవాబు ఉండేది. ఒప్పందం తర్వాత ఆ చోటులోకి "సర్టిఫికెట్ కోసం" వచ్చింది. సర్టిఫికెట్ లేనప్పుడు ఇక వేయడానికి కారణమే కనిపించలేదు.

అలాగని బహుమతులన్నీ చెడ్డవి కావు. ఎక్కాలు కంఠతా పట్టడం, గది సర్దుకోవడం లాంటి, పిల్లలకు మొదటి నుంచీ అంతగా ఆసక్తి లేని పనులకు చిన్న బహుమతి ఊతం ఇవ్వగలదు. ముందే ఇష్టం ఉన్నచోటే జాగ్రత్త కావాలి.

కష్టమా, భారమా?

"డ్యాన్స్ క్లాసుకు వెళ్లను" అని పాప ఒకరోజు అనగానే మాన్పించేయాలా? అక్కర్లేదు. సంగీతంలో సరళీ స్వరాలు, కూచిపూడిలో అడవులు, చెస్‌లో ఎండ్‌గేమ్‌లు అందరికీ ఏదో ఒక దశలో విసుగు తెప్పిస్తాయి. అది నేర్చుకోవడంలో ఉండే సహజమైన కష్టం. భారం వేరు. దాన్ని ఇలా గుర్తుపట్టవచ్చు:

• క్లాసు లేని రోజున ఆ పని జోలికే వెళ్లకపోవడం. కష్టంగా ఉన్నా ఇష్టం మిగిలి ఉంటే, సెలవు రోజు కూడా ఎప్పుడో ఒకప్పుడు పెన్సిలో, బ్యాటో చేతిలోకి వస్తుంది.

• "ఇంకా ఎంతసేపు?", "ఎన్ని పేజీలు?" అనే ప్రశ్నలు పెరగడం.

• బొమ్మ వేసి మీకు చూపిస్తూ మీ ముఖం వైపే చూడటం. ఇదివరకు బొమ్మలో ఉన్న కథ చెప్పేవారు, ఇప్పుడు "బాగుందా?" అని మాత్రమే అడుగుతున్నారు.

• తప్పు వస్తుందని కొత్తది ప్రయత్నించకపోవడం.

ఇంట్లో మనం చేయగలిగినవి

ఒక హాబీని లెక్కల్లేకుండా వదిలేయండి. పోటీలు, గ్రేడ్ పరీక్షలు, వాట్సాప్ స్టేటస్ ఏవీ లేని ఇష్టం ప్రతి బిడ్డకూ ఒక్కటైనా ఉండాలి. అందులో ప్రతిభ లేకపోయినా పర్వాలేదు.

ముందే బేరం పెట్టకండి. "ఫస్ట్ ప్రైజ్ వస్తే సైకిల్" అనే బదులు, బొమ్మ చూసి "ఈ చెట్టుకు నీలం రంగు ఎందుకు వేశావు?" అని అడగండి. పని మీద మీ ఆసక్తి పిల్లలకు అర్థమవుతుంది.

మధ్యలో ఆపే హక్కు ఇవ్వండి. నచ్చని పుస్తకాన్ని ఇరవయ్యో పేజీలో, నచ్చని సినిమాను ఇంటర్వెల్‌లో ఆపేయవచ్చు. కోచింగ్ క్లాసు విషయంలో మాత్రం, "ఈ టర్మ్ పూర్తి చేద్దాం, తర్వాత కూర్చుని మాట్లాడుకుందాం" అని ముందే అనుకోండి. ఆ మాట నిలబెట్టుకోండి. "అంత ఫీజు కట్టాం కదా" అనే వాక్యం మాత్రం వద్దు. అది వినగానే ఆ క్లాసు పిల్లలకు తీర్చాల్సిన అప్పులా అనిపిస్తుంది.

ప్రశ్న పిల్లల నుంచి రానివ్వండి. 'మాయాబజార్' చూసిన పాపకు పది లైన్లు అప్పగించకుండా వదిలేస్తే, రాత్రి అన్నం తింటూ తనే అడగవచ్చు: "నాన్నా, లడ్డూలు ఎలా ఎగిరాయి?" సినిమా 1957 నాటిది, అప్పటికి కంప్యూటర్ గ్రాఫిక్స్ లేవు. ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లే కెమెరా పనితనం గురించి ఇద్దరూ కలిసి వెతకండి. ఇంట్లో ఫోన్‌తోనే ఒక ట్రిక్ షాట్ తీసి చూడండి. మీరు ఆశించిన చదువు ఇదే. కాకపోతే ఈసారి అడిగింది పాప.

మా వైపు నుంచి ఒక మాట

సర్టిఫికెట్లు, మెడల్స్, పోటీలు బడిలోనూ ఉన్నాయి. వాటిని ఆస్వాదించే పిల్లలకు అవి ఉత్సాహాన్నిస్తాయి, కొనసాగాల్సిందే. కానీ ప్రతి ఇష్టాన్నీ వేదిక ఎక్కించాల్సిన పని లేదని మేమూ గుర్తుంచుకోవాలి. వచ్చే పీటీఎంలో మార్కుల గురించి మాట్లాడాక, క్లాస్ టీచర్‌ను ఇంకో ప్రశ్న కూడా అడగండి: "ఖాళీ దొరికితే మా బాబు ఏం చేస్తుంటాడు?" ప్రోగ్రెస్ కార్డులో లేని సమాధానం వినవచ్చు.

ఈ ఆదివారం పిల్లలతో ఒక సినిమా చూడండి. అయిపోయాక ఒక్క పది నిమిషాలు ఏమీ అడగకండి. వాళ్లే మాట్లాడతారు. మాట్లాడకపోయినా, అందరూ కలిసి నవ్వుకున్నారు కదా, ఆ మధ్యాహ్నానికి అది చాలు.