మెజారిటీల పేజీ

ఎన్నికల ఫలితాలొస్తే సీట్లతో ఆపకుండా మెజారిటీలు కూడా నోటుబుక్కులో రాసుకోవడం నాకు ఏళ్ల అలవాటు. 2024 పేజీలో మొదటి వరుస అందరికీ కంఠతా వచ్చిందే: ఆంధ్రప్రదేశ్ శాసనసభ 175 స్థానాల్లో టీడీపీ, జనసేన, బీజేపీ కూటమికి 164, వైసీపీకి 11. 2019లో వైసీపీకి 151, టీడీపీకి 23. రాష్ట్రమంతా తిరగబడిందనిపిస్తుంది. కానీ ఓట్ల శాతం చూడండి. 2019లో ఓడిన టీడీపీకి 39.17, 2024లో ఓడిన వైసీపీకి 39.37. రెండూ ఇంచుమించు ఒకటే. నూటికి 39 మంది వెంట ఉన్నా, ఎదుటివాళ్లు ఒక్కటైతే సీట్లు మిగలవు. 2019లో టీడీపీ, జనసేన, బీజేపీ వేర్వేరుగా నిలబడ్డాయి, 2024లో కలిశాయి.

మా పడమటి మండలాల లెక్క ఇంకా ఆసక్తిగా ఉంటుంది. రాష్ట్రమంతా వీచిన గాలిలోనూ మదనపల్లెలో టీడీపీ అభ్యర్థి షాజహాన్ బాషా ఆధిక్యం 5,509 ఓట్లే. పుంగనూరులో వైసీపీ నేత పెద్దిరెడ్డి రామచంద్రారెడ్డి గెలిచి నిలబడ్డారు, కానీ 2019లో 43,555 ఉన్న మెజారిటీ 6,095కు పడిపోయింది. కుప్పంలో చంద్రబాబు మెజారిటీ 30,722 నుంచి 48,006కు పెరిగింది. నడుమ 2021 నవంబరులో అదే కుప్పం మున్సిపాలిటీలో 25 వార్డులకు 19 వైసీపీ గెలిచింది. కుప్పం ఇక ఆయనది కాదని ఆ రోజు రాసినవాళ్లు ఒక్క ఎన్నికనే చూశారు.

నా బుక్కులో ఇంకాస్త వెనక్కి, 1989 దగ్గర వేలు ఆగుతుంది. ఎన్టీఆర్ ఓడిన ఏడు అది. ఉమ్మడి రాష్ట్రంలోని 294 స్థానాల్లో టీడీపీకి వచ్చినవి 74. చంద్రబాబు మొదటిసారి కుప్పంలో నిలబడి 6,918 ఓట్లతో బయటపడ్డారు. పార్టీ కుప్పకూలిన ఏడాది సొంత సీటును ఆరు వేల చిల్లరతో దక్కించుకోవడం అప్పుడు ఆయన వంతు, 2024లో పెద్దిరెడ్డి వంతు. అంత సన్నని గెలుపు నుంచే కుప్పంలో వరసగా ఎనిమిది విజయాలు వచ్చాయి. అందుకే 6,095ను చూసి పుంగనూరు కథ అయిపోయిందని రాయడానికి నాకు చెయ్యాడదు.

2024లో నన్ను ఎక్కువ కలచివేసిన తేదీ ఫలితాలొచ్చిన జూన్ 4 కాదు, జూలై 21. ఆ ఆదివారం రాత్రి మదనపల్లె సబ్‌కలెక్టర్ కార్యాలయంలో మంటలు లేచి భూముల దస్త్రాలు కాలిపోయాయి. పాతకాగితాలంటే ప్రాణమున్నవాడికి ఆ వార్త ఇంట్లో మనిషి పోయినట్టే. రిజిస్ట్రేషన్ నిషేధిత జాబితాలో తన రెండెకరాలు పడిన రైతు పాసుపుస్తకాన్ని పాలిథిన్ కవర్లో చుట్టుకుని ఏళ్లుగా ఎక్కి దిగే మెట్లు అవి. పోలింగ్ రోజు మే 13న అతను వేసిన ఓటు ఏ బూత్ లెక్కలో చేరిందో ఈ రోజుకీ కాగితం మీద చూడొచ్చు. అతని అర్జీ ఉన్న ఫైలు మాత్రం ఆ రాత్రి ఆ గదిలో ఉంది.