కారు బయటి ఉష్ణోగ్రత సెన్సరు చెడితే… ఏసీ గ్యాసు నింపించే ముందు చూడవలసినవి

బరంపురం నుండి గోపాల్‌పూర్‌కు సుమారు 16 కిలోమీటర్లు. మే నెల మధ్యాహ్నం ఆ దారిలో కారు డాష్‌బోర్డు మైనస్ 40 డిగ్రీలని చూపిస్తే నవ్వు రావచ్చును. అదే సమయంలో ఏసీ చల్లగాలి ఇవ్వకపోతే మాత్రం లోపలున్న వృద్ధులకు, పసిపిల్లలకు అది నవ్వులాట కాదు. ఈ రెండింటికీ మూలం ఒకటే కావచ్చును: బయటి ఉష్ణోగ్రతను కొలిచే వేలెడంత సెన్సరు.

పని చేయు విధము

ఈ సెన్సరు లోపల థర్మిస్టరు అనే చిన్న పూస ఉంటుంది. వేడి పెరిగితే దాని విద్యున్నిరోధం తగ్గుతుంది, చల్లబడితే పెరుగుతుంది. కారు కంప్యూటరు ఆ నిరోధాన్ని బట్టి ఉష్ణోగ్రతను లెక్కిస్తుంది. తీగ తెగితే నిరోధం అపారమవుతుంది కనుక విపరీతమైన చలి ఉన్నట్లు చూపుతుంది. రెండు తీగలు ఒకదానికొకటి తగిలితే విపరీతమైన వేడి చూపుతుంది. ఆటోమేటిక్ ఏసీ గల అనేక కార్లలో, బయట గడ్డకట్టే చలి ఉన్నదని కంప్యూటరు భావిస్తే కంప్రెసరును నడవనీయదు. అప్పుడు గ్యాసు నిండుగా ఉన్నా చల్లగాలి రాదు.

ఎక్కడ వెదకవలెను?

చాలా కార్లలో ఇది ముందు బంపరు వెనుక, రేడియేటరుకు ముందు భాగంలో ప్లాస్టిక్ క్లిప్పుతో అమర్చి ఉంటుంది. కొన్నింటిలో పక్క అద్దం అడుగున ఉంటుంది. వేగనిరోధకానికి బంపరు ఒరుసుకున్నా, పశువు తగిలినా క్లిప్పు విరిగి సెన్సరు వ్రేలాడుతుంది. ఎలుకలు తీగ కొరకడమూ కద్దు. తీరప్రాంతంలో ఉప్పుగాలి మరొక శత్రువు. కనెక్టరు పిన్నులకు చిలుము పట్టితే నిరోధం పెరిగి, ఉన్న వేడి కంటే తక్కువ చూపుతుంది.

బాగుచేయు క్రమము

1. ఇంజను ఆపి, తాళంచెవి తీసి, ఇంజను చల్లారనివ్వవలెను. బ్యాటరీ నెగటివ్ తీగను విప్పవలెను. బంపరు లోపల ఎయిర్‌బ్యాగు సెన్సర్లు ఉండవచ్చును, వాటిని తాకరాదు.

2. కనెక్టరును ఊడదీసి చూడవలెను. చిలుము ఉంటే ఎలక్ట్రికల్ కాంటాక్టు క్లీనరుతో శుభ్రపరచి, ఆరనివ్వవలెను.

3. మల్టీమీటరుతో సెన్సరు రెండు పిన్నుల మధ్య నిరోధం కొలవవలెను. సెన్సరును పిడికిట పట్టి వెచ్చబరిస్తే అంకె మెల్లగా తగ్గవలెను. ఏ మాత్రం కదలకపోయినా, అసలు అంకె రాకపోయినా సెన్సరు చెడినట్లే. సరియైన అంకె ప్రతి మోడలుకు వేరు. సర్వీసు పుస్తకంలో చూడవలెను.

4. సెన్సరు బాగుండి తీగ తెగితే, తెగిన కొనలను మెలివేసి టేపు చుట్టడం చాలదు. ఉప్పుతేమ లోనికి చేరుతుంది. టంకము వేసి, వేడికి ముడుచుకొనే స్లీవు తొడగవలెను.

5. సెన్సరును మొదటి చోటనే బిగించవలెను. రేడియేటరు దగ్గరకు చేరిస్తే ఇంజను వేడిని చూపుతుంది.

సరిచూచుకొనుట

బ్యాటరీ కలిపిన వెంటనే అంకె మారలేదని కంగారు పడనక్కరలేదు. నిలిచిన కారులో ఇంజను వేడి సెన్సరుకు తగులుతుంది కనుక, అనేక కార్లు కొంతదూరం నడిచిన తరువాతనే అంకెను మార్చుతాయి. జాతీయ రహదారిపై కొంతసేపు నడిపి, వాతావరణ శాఖ ప్రకటించే గోపాల్‌పూర్ ఉష్ణోగ్రతతో పోల్చవచ్చును. రెండు మూడు డిగ్రీల తేడా దోషం కాదు. సముద్రపు గాలి వలన తీరానికీ బరంపురానికీ మధ్యనే ఆ మాత్రం తేడా ఉండవచ్చును.

ఏసీ చల్లబడకపోవడానికి గ్యాసు కారిపోవడం, ఫ్యాను ఆగడం వంటి కారణాలూ ఉన్నవి. అయితే డాష్‌బోర్డు అంకె అసంబద్ధంగా ఉన్నప్పుడు, కంప్రెసరు మార్చేందుకు ఒప్పుకొనే ముందు ఈ సెన్సరును పరీక్షించమని మెకానిక్కును అడుగవలెను. కంప్రెసరు ధరతో పోలిస్తే దీని ధర స్వల్పం.